కారు తలుపుకు రెండు స్పీకర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1985 బ్యాచ్‌కు చెందిన ఒక మెకానికల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీరుగా పనిచేశావు కదా, నీ అనుభవం గురించి పది పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నారు. సరే అన్నాను. తీరా కూర్చుని రాసుకుంటే, నా ఉద్యోగం గురించి మీకు పనికొచ్చే మాట పెద్దగా ఏమీ దొరకలేదు. యంత్ర భాగాలు మైక్రాన్లలో కొలిచాను, డ్రాయింగుల మీద సంతకాలు పెట్టాను, జీతం తీసుకున్నాను. అందుకని ఇవాళ వేరే సంగతి చెప్తాను. కారు తలుపు లోపలి వైపు స్పీకరు బిగించడానికి ఒక అట్ట తయారు చేస్తారు, దాన్ని ప్యానెల్ అంటారు. ఆ ప్యానెల్‌కు నునుపు ఎలా వస్తుందో చెప్తాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో కూడా నవ్వారు. చివరికి వచ్చేసరికి ఇది మన సంఘానికి సంబంధించిన విషయమే అని మీకు తెలుస్తుంది.

ముందు కొంచెం మన రోజుల్లోకి వెళ్దాం. సాయంత్రం బడి వదిలితే మేం నలుగురం అబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషను వైపు నడిచి వెళ్లేవాళ్లం. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ దుకాణం పేరే ఆ ప్రాంతానికి వచ్చిందని మన సోషల్ మాస్టారు చెప్పారు. మాకు మాత్రం అబిడ్స్ అంటే పోస్టాఫీసు, దుకాణాల అద్దాలు, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు. నాంపల్లి అంటే 1907లో కట్టిన స్టేషను, జనవరి వచ్చిందంటే నుమాయిష్. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు మా చదువులు సగం అక్కడే సాగేవి.

ఆ నలుగురిలో ఒకడు నా బెంచీ స్నేహితుడు. పేరు చెప్పను, చెప్పొద్దని వాడే అన్నాడు. లెక్కల్లో నాకంటే వెనక, డ్రాయింగ్‌లో నాకంటే చాలా ముందు. క్రాఫ్ట్ పీరియడ్‌లో మాస్టారు మాకందరికీ తలా ఒక చెక్క ముక్క ఇచ్చి నున్నగా రుద్ది తెమ్మన్నారు. మేం పది నిమిషాల్లో తెచ్చి బల్ల మీద పెట్టాం. వాడు పీరియడ్ అయిపోయినా రుద్దుతూనే ఉన్నాడు. మాస్టారు వాడి చెక్క తీసుకుని బుగ్గకు ఆనించి చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న మాస్టారు గారికి అది గుర్తుందో లేదో. నాకు గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు నాకు కొంచెం కుళ్లు పుట్టింది.

1984 వేసవి సెలవుల తర్వాత బడి తెరిస్తే వాడు రాలేదు. వాళ్ల నాన్న మంచం పట్టారు. వాడు నాంపల్లిలో ఒక సందులో, కార్లకు సీటు కవర్లు, లోపలి కప్పు గుడ్డలు కుట్టే షెడ్డులో పనికి చేరాడు. మేం పదో తరగతిలో గ్రూపు ఫోటో దిగే రోజున వాడు ఆ షెడ్డులో సీట్ల లోపలి కొబ్బరి పీచు పీకుతున్నాడు.

మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. ఆ తర్వాత పదేళ్లలో మన ఊళ్లో కార్లు పెరిగాయి, కార్లలో పాటల మోజు కూడా పెరిగింది. కారులో రేడియో కొత్తేమీ కాదు. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లోనే కారు రేడియో అమ్మారు, దానికి పెట్టిన పేరే మోటరోలా. కానీ మన దగ్గర సొంత కారులో క్యాసెట్ ప్లేయరు పెట్టించుకోవడం అనేది ఆ చిన్న మారుతితోనే మామూలు మధ్యతరగతి ముచ్చట అయింది. వెనక సీటు పైన అట్ట కోసి రెండు కోలగుండు స్పీకర్లు బిగించడం, డిక్కీలో ఊఫర్ డబ్బా పెట్టడం. సీట్లు కుట్టే షెడ్డులకు ఈ పని కూడా వచ్చి చేరింది. నా స్నేహితుడు సూదీదారం నుంచి చెక్కకు, చెక్క నుంచి ఫైబరుకు వచ్చాడు.

ఇదంతా నాకు ఆ రోజుల్లో తెలియదు. తెలుసుకోలేదు అనడం న్యాయం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి ఆఫీసు వాళ్లతో కలిసి ఆ సందు ముందు నుంచి వెళ్తుంటే, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో ఒక మనిషి బయటికొచ్చి నన్ను ఇంటిపేరుతో పిలిచాడు. బడిలో వాడొక్కడే నన్ను అలా పిలిచేవాడు. నేను తల ఊపి, "తర్వాత కలుస్తారా" అని నడిచాను. ఆ తర్వాత అనేది రావడానికి ఇరవై ఏళ్లు దాటింది.

ఇప్పుడు కారు సంగతి. మా నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 ఒకటి మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక అమ్మబుద్ధి కాలేదు. కొన్నేళ్ల కిందట దానికి మంచి స్పీకర్లు పెట్టి, ఆయన క్యాసెట్లలోని పాటలు మళ్లీ ఆ కారులోనే వినాలని కోరిక పుట్టింది. ఇంజనీరును కదా, నేనే చేసుకుంటాను అనుకున్నాను.

పని కొంచెం వివరిస్తాను. స్పీకరు గుండె ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని తోస్తుంది, అదే క్షణంలో వెనకున్న గాలిని లాగుతుంది. ఈ రెండు గాలులూ అంచు చుట్టూ తిరిగి కలిసిపోతే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, బరువైన స్వరాలు వినపడవు. అందుకే స్పీకరు చుట్టూ సందు లేని, వణకని గట్టి చట్రం కావాలి. మారుతి తలుపు సన్నం, అద్దం కిందికి దిగితే లోపల చోటు ఉండదు. కాబట్టి ఆరున్నర అంగుళాల స్పీకరు పెట్టాలంటే చట్రాన్ని కారు లోపలి వైపుకు ఉబ్బెత్తుగా కట్టాలి. ఆ ఉబ్బు తలుపు అట్టలో పుట్టినట్టే కలిసిపోవాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది.

నా మొదటి ప్రయత్నం. కొత్త టీవీతో వచ్చిన థర్మోకోల్‌ను అందంగా చెక్కి దాని మీద పాలిస్టర్ రెజిన్ పోశాను. చూస్తుండగానే థర్మోకోల్ మంచులా కరిగి గుంట పడింది. రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, థర్మోకోల్ అంటేనే పాలిస్టైరీన్, ఒకటి రెండోదాన్ని కరిగిస్తుంది. కెమిస్ట్రీ టీచరు గారు క్షమించాలి.

రెండో ప్రయత్నం. ఎండీఎఫ్ చెక్కతో స్పీకరు చుట్టూ వచ్చే రింగు ఒకటి, అది కూర్చునే గుండ్రటి రంధ్రం ఒకటి కోశాను. వట్టి చెక్కగా ఉన్నప్పుడు రింగు రంధ్రంలో అతికినట్టు సరిపోయింది. తర్వాత రెండింటికీ రెక్సిన్ తొడిగాను, ఇక లోపలికి పోదు. రెక్సిన్ మందం ఒక మిల్లీమీటరు. రింగుకు రెండు వైపులా కలిపి రెండు, రంధ్రానికి రెండు వైపులా కలిపి రెండు, మొత్తం వ్యాసంలో నాలుగు మిల్లీమీటర్లు. మైక్రాన్లు కొలిచి జీతం తీసుకున్నవాడు నాలుగు మిల్లీమీటర్లు మరిచిపోయాడు.

మూడోసారి అన్నీ సరిచూసుకుని, ఫైబరుతో చేసి, నిగనిగలాడే నల్ల రంగు కొట్టించాను. గ్యారేజీ నీడలో అద్భుతంగా ఉంది. ఎండలోకి తెస్తే ఆ నలుపులో మా ఇంటి గేటు ప్రతిబింబం పాములా వంకర్లు తిరిగింది. పైగా స్పీకరు ఉబ్బు అద్దం దింపే చేతిపిడికి అడ్డం. పిడి తిప్పిన ప్రతిసారీ వేలి కణుపులు తగులుతున్నాయి. ఆ ప్యానెల్‌ను పాత దుప్పటిలో చుట్టుకుని, ఎవరో చెబితే నాంపల్లిలోని ఆ సందుకు వెళ్లాను.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ఇంటిపేరుతోనే పిలిచాడు. దుప్పటి విప్పి ప్యానెల్‌ను ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూశాడు.

"ఏందిరా ఇంజనీరు, గిట్ల చేసినవ్? ఎన్ని రోజులు రుద్దినవ్?"

"ఒక పూట."

"అద్దీ సంగతి. రంగు మంచిగనే ఉన్నది. కింద ఏం లేదు."

వాడు దాన్ని బాగుచేసి ఇస్తానంటే నేను వద్దన్నాను. నేర్పమన్నాను. వాడు కాసేపు నా మొహం చూసి, "ఆదివారాలు రా" అన్నాడు. అలా తొమ్మిది ఆదివారాలు వెళ్లాను. ఆ తొమ్మిది ఆదివారాల్లో తెలుసుకున్నది వరసగా చెప్తాను.

మొదటి రోజు పనిముట్టు ముట్టనివ్వలేదు. కారులో కూర్చోబెట్టి తలుపు తీయమన్నాడు, వేయమన్నాడు, అద్దం దింపమన్నాడు, ఎక్కించమన్నాడు. మోకాలు ఎక్కడ తగులుతుందో, చెయ్యి ఎక్కడ తిరుగుతుందో సుద్దముక్కతో గీతలు పెట్టాడు. "మనిషి కూసున్నంక మిగిలిన జాగల స్పీకరు పెట్టాలె. స్పీకరు పెట్టినంక మిగిలిన జాగల మనిషిని కూసోబెట్టొద్దు." అదే రోజు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇప్పటి కార్లలో ఎయిర్‌బ్యాగు ఉన్న స్తంభానికి, పలకకు ఎవరెంత డబ్బిచ్చినా అట్ట తొడగడట. ప్రమాదంలో అది తెరుచుకోకపోతే మనిషి పోతాడు.

తర్వాత చట్రం. ఎండీఎఫ్ రింగును తలుపు అట్ట మీద కావలసిన వంపులో నిలబెట్టి, సాగే గుడ్డను డోలు మీద తోలు బిగించినట్టు బిగిస్తారు. గుడ్డ తనంతట తానే రెండు అంచుల మధ్య సాఫీ వంపు వెతుక్కుంటుంది. మనం గీసిన ఏ గీతా అంత బాగుండదు. దాని మీద రెజిన్ పూస్తారు. హార్డనర్ నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు. మే నెలలో ఒక పాలు చాలు. ఎక్కువైతే గిన్నెలోనే వేడెక్కి పొగలు వస్తుంది. గుడ్డ గట్టిపడ్డాక వెనక వైపు ఫైబర్ మ్యాట్ రెండు మూడు పొరలు. బలం అంతా ఆ వెనక పొరల్లోదే, అది ఎవరికీ కనపడదు.

ఆ తర్వాత పుట్టీ. నేను ఒకేసారి మందంగా మెత్తేశాను. వాడు పలుచగా మూడుసార్లు వేయించాడు. మందంగా వేస్తే పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల పచ్చిగా ఉంటుంది. రంగు వేసిన నెలకో రెండు నెలలకో అది కుంచించుకుని గుంట తేలుతుంది. అప్పుడు అందరూ రంగు కొట్టినవాణ్ణి తిడతారు.

ఇక రుద్దడం. 80 నంబరు కాగితంతో ఆకారం తేవాలి. తర్వాత 120, 180, 320. ఒక్కో కాగితం పని దాని ముందు కాగితం పెట్టిన గీతలను తీసేయడమే. మధ్యలో ఒక నంబరు ఎగరేస్తే, 80 నంబరు గీతలు ప్రైమరు కింద దాక్కుని చివరి రంగులో బయటపడతాయి. వట్టి వేళ్లతో కాగితం పట్టుకుంటే వేళ్ల సందుల్లో గాళ్లు పడతాయి కనుక కాగితం వెనక చెక్క దిమ్మె పెట్టాలి. నేను తొందరపడినప్పుడల్లా వాడు, "హల్లు హల్లు, జల్దీ నక్కో" అనేవాడు. అది వాడి ఉస్తాదు మాటట. పద్నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర విన్నది.

నాకు బాగా నచ్చిన పాఠం ఇది. నేను కళ్లు చిట్లించి చూస్తుంటే, "కన్ను మూసుకో, చెయ్యి పెట్టు" అన్నాడు. అరచెయ్యి పరిచి, ఒక పలుచటి గుడ్డ మీదుగా నెమ్మదిగా జరపాలి. కంటికి కనపడని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి. నమ్మకం లేకపోతే పరీక్ష కూడా ఉంది. బూడిద రంగు ప్రైమరు మీద నల్ల రంగును పొగలాగా పలుచగా చల్లి, దిమ్మెతో రుద్దాలి. ఎత్తున్న చోట నలుపు పోతుంది, పల్లంలో నలుపు మిగిలిపోతుంది. వాడు ముందే కళ్లు మూసుకుని సుద్దతో చుట్టిన మూడు చోట్ల, సరిగ్గా ఆ మూడు చోట్లే నలుపు మిగిలింది. మా సంస్థలో ఈ పనికి లక్షల ఖరీదు చేసే యంత్రం ఉండేది.

ఆ రోజు నాకు ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. ఎనిమిదో తరగతిలో మమ్మల్ని నుమాయిష్‌కు తీసుకెళ్తే, మా వాడు జెయింట్ వీల్ దగ్గరికి రాకుండా కొండపల్లి బొమ్మల దుకాణం ముందు నిలబడిపోయాడు. అక్కడ ఒకాయన రంగు వేయని బొమ్మ చూపిస్తూ చెప్పాడు. తెల్ల పొణికి చెక్కతో విడివిడిగా కాళ్లూ చేతులూ చెక్కుతారు, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికి అతుకులు పూడుస్తారు, దాని మీద సున్నం, ఆ పైన రంగు. ఇప్పుడు ఆలోచిస్తే పుట్టీ, ప్రైమరు, రంగు వరస కూడా సరిగ్గా ఇదే. నిర్మల్ బొమ్మలకూ చింతగింజల పూతే. చేర్యాల ముసుగులకూ చింతగింజల ముద్ద, రంపపు పొట్టే. బీదరు పనిలో మరో దారి. తుత్తునాగం, రాగి కలిసిన లోహంలో వెండి తాపడం చేసి, రుద్ది నునుపు చేశాక, బీదరు కోట మట్టీ నవసాగరం కలిపిన నీళ్లతో లోహాన్ని నల్లబరుస్తారు. అప్పుడే వెండి మెరుస్తుంది. మన చుట్టూ ఉన్న ఊళ్లలో వందల ఏళ్లుగా ఉన్న విద్య ఇది. నాంపల్లి సందులో పాలిస్టరు డబ్బాలతో అదే నడుస్తోంది. బొమ్మలు చేసేవాణ్ణి కళాకారుడు అంటాం, శాలువా కప్పుతాం. కారు ప్యానెల్ చేసేవాణ్ణి "ఏయ్ మిస్త్రీ" అంటాం.

చివరి పొర దగ్గర మా ఇద్దరికీ వాదం వచ్చింది. నాకు మళ్లీ నిగనిగల నలుపే కావాలి. వాడు తలుపుకు సరే, డాష్‌బోర్డు పైన మాత్రం వద్దు అన్నాడు. మెరిసే నలుపు ఎండను ముందు అద్దం మీదికి కొడుతుంది, బండి నడిపేవాడికి దారి కనపడదు. అక్కడ మెరుపు లేని రెక్సినే ఉండాలి. రెక్సిన్‌కు జిగురు రెండు వైపులా పూసి, వేలికి తడి అంటకుండా జిడ్డుగా తగిలేదాకా ఆగి అప్పుడు అతికించాలి. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది, మామూలు జిగురుకు రెక్సిన్ లేస్తుంది. అందుకని వేడికి ఆగే జిగురే వాడాలి, లోపలి వంపుల్లో రెక్సిన్‌ను సాగదీసి పట్టకుండా ముందే వేడి గాలితో వంపులోకి కూర్చోబెట్టాలి. సాగదీసి అతికించిన రెక్సిన్ ఎప్పుడో ఒకప్పుడు తన పాత పొడుగుకు తిరిగి వెళ్లాలని చూస్తుందట.

ఇంతవరకూ వాడు నాకు నేర్పినవి. నేను వాడికి ఇచ్చింది ఏమైనా ఉందా అంటే, కొంచెం ఉంది. మూడో ఆదివారం నుంచి వాడి దగ్గు గమనించాను. షెడ్డులో కిటికీ లేదు. నలభై ఏళ్లుగా పుట్టీ దుమ్ము, ఫైబరు దుమ్ము, రంగు ఆవిరి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటాడు, అంతే. హార్డనర్ కలిపే రెండు డబ్బాల కారు రంగుల్లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటి ఆవిరి పీల్చగా పీల్చగా ఆస్తమా వస్తుంది. చేతిరుమాలు కాదు కదా, దుమ్ముకు పెట్టుకునే మామూలు మాస్కు కూడా ఆ ఆవిరిని ఆపలేదు. నేను కొలతల మనిషిని. గోడకు రంధ్రం పెట్టించి, ఎంత గాలి లాగాలో లెక్క కట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. ఆవిరిని పట్టే డబ్బాలున్న మాస్కులు రెండు కొన్నాను. ప్రైమరు తర్వాత రుద్దే పని నీళ్లతో, వాటర్ పేపరుతో చేస్తే దుమ్ము లేవదు కనుక అది అలవాటు చేయమన్నాను. హార్డనర్ తూచడానికి బంగారం తూచే చిన్న త్రాసు ఇచ్చాను. త్రాసు వాడుతున్నాడు. మాస్కు నేనున్నప్పుడు పెట్టుకుంటాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఊపిరితిత్తుల్లో కొంత భాగం తిరిగి రాదని చెప్పారు. ఉన్నది కాపాడుకోవాలట.

ఇదే పని పాతికేళ్ల కిందట, వాడు నన్ను పిలిచిన రోజున చేసి ఉండొచ్చు. ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఇద్దరు స్నేహితుల మధ్య ఒక ఆదివారం. నాకు తెలిసిన విద్యే, నా ఇంటికి మూడు కిలోమీటర్లలోనే. ఈ మాట నేను ఎవరి మీదా నేరం మోపడానికి అనడం లేదు. నా గురించే చెప్తున్నాను.

తొమ్మిదో ఆదివారం స్పీకర్లు బిగించాం. ప్యానెల్ వెనక ఫెల్టు పట్టీ అతికించాం, లోహానికి తగిలి గిలగిలలాడకుండా. పాట పెట్టాను. వాడు పాట వినలేదు. తలుపు మీద అరచెయ్యి పరిచి కళ్లు మూసుకున్నాడు. "వణుకుత లేదు" అన్నాడు. అంతే, చేతులు కడుక్కుని చాయ్‌కి లేచాడు.

ఇప్పుడు మన సంఘం సంగతి. ఈ సంచిక కోసం బ్యాచ్‌ల వారీగా పేర్లు పంపమంటే మా బ్యాచ్ జాబితా నేనే తయారు చేశాను. వాడి పేరు కూడా రాశాను. జాబితా తిరిగి వచ్చింది, ఆ పేరు మీద గీత ఉంది. తప్పు ఎవరిదీ కాదు. మన నియమావళిలో, ఈ బడి నుంచి పదో తరగతి పాసైనవారే సభ్యులు అని ఉంది. మొదట్లో రాసుకున్నవాళ్లు ఎవరినీ దూరం పెట్టాలని రాసి ఉండరు, రిజిస్టరులో తేలిగ్గా దొరికే లెక్క అదే కాబట్టి రాసి ఉంటారు. కానీ వాడు ఈ బడిలో ఒకటో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు, తొమ్మిదేళ్లు చదివాడు. వేరే బడి నుంచి పదో తరగతికి మాత్రమే వచ్చి చేరిన మిత్రులు మనలో ఉన్నారు, వాళ్లు సభ్యులే, ఉండాలి కూడా. తొమ్మిదేళ్లు చదివినవాడు మాత్రం లేడు.

మా బ్యాచ్‌లోనే అలా మధ్యలో ఆగిపోయినవాళ్లు నేను లెక్కపెడితే ఏడుగురు తేలారు. మీ మీ బ్యాచ్‌లలో మీరూ ఒకసారి లెక్కపెట్టండి. ఇంట్లో డబ్బు లేక ఆగినవాళ్లు, తండ్రి పోయి ఆగినవాళ్లు, పెళ్లి చేసేస్తే ఆగిన ఆడపిల్లలు. వాళ్లెవరూ చదువు ఇష్టం లేక పోలేదు. యాభై ఏళ్ల పండుగ చేసుకుంటున్నాం, గోడలకు రంగులు వేయించాం, చాలా బాగుంది. కానీ నా స్నేహితుడు నా మొదటి ప్యానెల్ చూసి అన్న మాట నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. కింద ఏం లేదు అన్నాడు. మనం ఆ మాట పడకూడదు.

కాబట్టి నా మనవి రెండు ముక్కల్లో చెప్తాను. ఒకటి, వచ్చే సర్వసభ్య సమావేశంలో నియమావళి మార్చి, ఈ బడిలో కనీసం ఒక ఏడాది చదివినవారందరినీ సభ్యులుగా తీసుకోవాలి. తీర్మానం రాసి తెచ్చాను, బలపరిచేవాళ్లు సంతకం చేయండి. రెండు, మనలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, లాయర్లున్నారు. అలా చేరిన మిత్రులు పనిచేసే చోట్లకు ఏడాదికి ఒక్క ఆదివారం వెళ్దాం. ఊరికే చూసి రావడానికి కాదు. గాలి, వెలుతురు, కరెంటు తీగలు, కళ్లద్దాలు, పింఛను కాగితాలు, మనకు చేతనైన సాయం ఏదో ఒకటి చేయడానికి. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల దగ్గర ఏదో ఒకటి నేర్చుకునే వస్తాం. అది నేను అనుభవం మీద చెప్తున్న మాట.

ఆ కారు ఇవాళ మన బడి గేటు లోపలే, వేపచెట్టు కింద ఉంది. సభ అయ్యాక చూడండి. చూడ్డం కాదు, కళ్లు మూసుకుని ఎడమ తలుపు మీద చెయ్యి పెట్టండి. ఎక్కడ అసలు అట్ట ఆగి ఎక్కడ మా పని మొదలైందో చెప్పగలిగితే నేను చాయ్ తాగిస్తాను. కుడి తలుపు ముట్టుకోకండి, అది చాలా మటుకు నేనే రుద్దాను.

వాణ్ణి కూడా ఇవాళ రమ్మన్నాను. "నేను పాస్ కాలేదు గదరా, నన్నెట్ల రానిస్తరు?" అన్నాడు. వచ్చే ఏడాది ఆ మాట అనే అవసరం వాడికి రాకుండా చేయడం మీ చేతుల్లో ఉంది.